పెద్దకంఠము: పీటరు జెన్సెను జీవితము

శబ్దమన నేమో బెల్లంపల్లివారికి వేరుగ నేర్పనక్కరలేదు. గనుల సైరను కూతతో ప్రొద్దును లెక్కించుకొనిన తరములు ఈ యూర పెరిగినవి. చుట్టుప్రక్కల కొన్ని గనులు మూతపడినను, ఆ కూత చెవిలో నిలిచియున్న పెద్దలు ఇంటింట నున్నారు. అట్టివారిలో ఒకరి మూలముననే మేము ఈ జీవితచరిత్రమును వ్రాయ బూనితిమి.

గడచిన క్రిస్మసు కార్యక్రమమున మన పాఠశాల పాటల బృందములో తొమ్మిదవ తరగతి బాలు డొకడు గిటారు వాయించెను. అతని తండ్రి అనేక సంవత్సరములు గనిలో యంత్రములయొద్ద పనిచేసి, వినికిడిని కొంత అక్కడనే వదలి వచ్చినవాడు. ఆయన చివరి వరుసలో కూర్చుండెను. డ్రమ్ములు వినబడెను, డెబ్బదిమంది పిల్లల గొంతులు వినబడెను, గిటారు మాత్రము వినబడలేదు. ఇంటికి చేరిన తరువాత, నీవు నిజముగ వాయించితివా, లేక ఊరక పట్టుకొని నిలుచుంటివా యని తండ్రి కుమారుని అడిగెనట. బాలుడు ఈ సంగతిని నవ్వుచునే మాతో చెప్పెను గాని, ఆ నవ్వు వెనుక నున్నది మాకు తెలియకపోలేదు.

మన గిటారు ఆంప్లిఫయరు 30 వాట్లది. అందులోని 12 అంగుళముల స్పీకరు పాతబడి, కాగితపు కోను అంచున చిరిగి యున్నది. దానిని మార్చవలె ననుట అందరును ఒప్పుకొనిన మాటయే. ఏది తేవలెను? పిల్లలు కారులలో పెట్టు ఊఫరు నొకదానిని చూచి వచ్చిరి. దానిమీద 400 వాట్లని పెద్ద అక్షరములతో అచ్చువేసి యున్నది. 30 ఎక్కడ, 400 ఎక్కడ! ఇంక హాలు అదరిపోవునని వారి సంతోషము. మేము వెంటనే తల యూపలేదు. పూర్వ మొకసారి తొందరపడి, 8 ఓములకు తక్కువ గాని స్పీకరునే కోరు ఆంప్లిఫయరునకు 4 ఓముల స్పీకరును తగిలించి, రెండవ పాట ముగియకమునుపే కాలిన వాసన చూచినవారము మేము. ఆ వాసన నేర్పిన జాగ్రత్తతో ఈసారి స్పీకర్ల పట్టికలు కొన్ని తెప్పించి పిల్లలతో కూడ కూర్చుండి చదివితిమి. అందులో జెన్సెను అను పేరు వచ్చినది. అది ఊరి పేరా, మనిషి పేరా యని ఒక బాలిక అడిగెను. మనిషి పేరే. ఆ మనిషి లేనియెడల స్పీకరను వస్తువు మనకు తెలిసిన రూపమున ఇంత త్వరగా వచ్చియుండునా యనుట సందేహమే.

పీటరు లారిట్సు జెన్సెను 1886వ సంవత్సరము మే నెల 16వ తేదీన డెన్మార్కు దేశమునకు దక్షిణమున నున్న ఫాల్‌స్టరు అను ద్వీపమున జన్మించెను. పల్లెటూరి బిడ్డడు. యౌవనారంభముననే వాల్డెమారు పౌల్‌సెను ప్రయోగశాలలో పనివానిగ చేరుట అతని జీవితమునకు మలుపు. ఈ పౌల్‌సెను సామాన్యుడు కాడు. ఉక్కుతీగమీద అయస్కాంతశక్తిచేత మాటను నిలిపి మరల వినిపించు యంత్రమును 1898లో నిర్మించినవాడు. తీగలేని వార్తలను పంపుటకు విద్యుదార్కును ఉపయోగించినవాడు. ఆ కాలమున తీగలేని వార్త యన చుక్కలును గీతలును మాత్రమే. మనుష్యుని గొంతును అట్లు పంపుట సాధ్యమా యని పౌల్‌సెను పరిశోధించుచుండగా, యువకుడైన జెన్సెను ఆ పనిలో చేతివాటము నేర్చుకొనెను. కాలేజీ చదువు అతనికి లేదు. పనిబల్లయే అతని కళాశాల.

1909లో పౌల్‌సెను పద్ధతిని అమెరికాదేశమున నెలకొల్పుటకై ఇతనిని కాలిఫోర్నియాకు పంపిరి. అక్కడ స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చదివిన ఎడ్విను ప్రిడ్‌హాము అను యువకుడు తోడు దొరికెను. ఒకనికి చేతిపని తెలియును, మరియొకనికి శాస్త్రము తెలియును. ఇట్టి జోడు దొరకుట అరుదు. 1911 ప్రాంతమున వీరిరువురు నాపా అను చిన్న పట్టణమున ఒక యింటిలో సొంతముగ పరిశోధన లారంభించిరి.

వారు కోరినది పెద్దశబ్దము కాదు. ఈ మాటను విద్యార్థులు గమనింపవలెను. ఆనాటి టెలిఫోనులో మాట గీరుగీరుమని వచ్చుచుండెను. ఇనుపరేకును విద్యుదయస్కాంతము లాగి వదలుటవలన శబ్దము పుట్టెడిది. ఆ రేకు కొంచెమే కదలగలదు, కదలినంతవరకైనను గొంతును పోలి కదలదు. జెన్సెనును ప్రిడ్‌హామును రేకును అయస్కాంతముచేత లాగించుట మాని, సన్నని రాగితీగను చుట్టగ చుట్టి, బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమనున్న సందులో నుంచి, ఆ చుట్టనే పలుచని రేకునకు తగిలించిరి. తీగలో విద్యుత్తు పారినప్పుడెల్ల చుట్ట ముందునకును వెనుకకును కదలును. దానితో రేకు కదలును. రేకు గాలిని త్రోయును. ఈనాడు మన హాలులోని స్పీకరును విప్పి చూచినను ఇదే కనబడును. కాగితపు కోను వెనుక వ్రేలితో మెల్లగ నొక్కిన కదలునది ఆ చుట్టయే.

ఈ యూహ వారికే మొట్టమొదట తోచినదని చెప్పుట న్యాయము కాదు. జర్మనుదేశపు ఎర్నెస్టు సీమెన్సు 1870 తరువాతి సంవత్సరములలోను, ఇంగ్లాండులో ఆలివరు లాడ్జి 1898లోను ఇట్టి కదలెడి చుట్టను గూర్చి తలచియుండిరి. తలచుట వేరు, పదిమంది చెవులకు చేర్చుట వేరు.

నాపాలో తయారైన క్రొత్త టెలిఫోను మాటను చక్కగ వినిపించెను. అయినను టెలిఫోను కంపెనీవారికి అది అక్కరలేకపోయెను. రెండేండ్లకు మించిన శ్రమ బల్లమీదనే మిగిలిపోయెను. అప్పుడు వారి బంధుమిత్రులలో బేసుబాలు ఆటయన ప్రాణమిచ్చు ఒకడు, ఆటస్థలమున కేకలు వేయువాని గొంతు వెనుకవారికి వినబడుట లేదు, మీ పరికరమును పెద్దగ వినబడునట్లు చేయరాదా యని సలహా చెప్పెనట. పండితులకు తోచనిది ఆట చూచువానికి తోచెను! వారు పరికరమునకు గ్రామఫోను బూరను తగిలించి చూచిరి.

మొదటి పరీక్షలో బూరనుండి వచ్చినది మాట కాదు, చెవులు చిల్లులుపడు కూత. మైకును స్పీకరునకు ఎదురుగ పెట్టినప్పుడు మన హాలులో వచ్చు కూతయే అది. బూరలో వచ్చిన శబ్దము మరల మైకులో దూరి, పెరిగి, మరల బూరలో వచ్చుచుండెను. ఈనాడు మైకుసెట్టు పెట్టు కుఱ్ఱవానికి సయితము దీని మందు తెలియును. ఆనాడు వారికి చెప్పువారు లేరు. వారే కారణము కనిపెట్టి, పొడుగైన తీగలతో బూరను ఇంటికప్పుమీదికి చేర్చిరి. ఒకరు లోపల మైకులో మాటలాడుచుండగా మరియొకరు పొలములవెంట దూరము నడచి పోయిరి. దాదాపు మైలు దూరమున సయితము మాట స్పష్టముగ వినబడెనని చెప్పుదురు.

ఇక్కడ ఒక విశేషము గలదు. ఆ తొలి పరికరమున వాల్వుల ఆంప్లిఫయరు లేదు. ఉన్నది బొగ్గురవ్వల మైకును, బ్యాటరీలును మాత్రమే. (బొగ్గు మన యూరి వస్తువు గావున ఈ మాటను సంతోషముతో వ్రాయుచున్నాము.) పుట్టిన కొలదిపాటి విద్యుచ్ఛక్తిని వ్యర్థము చేయక శబ్దముగ మార్చినది ఆ చుట్టయు బూరయే. శక్తిని పెంచుకొను మార్గము లేదు గనుక, ఉన్న శక్తిని శబ్దముగ మార్చు నేర్పునే వారు పెంచుకొనవలసి వచ్చెను. మా స్పీకరు విషయమున మాకు దారి చూపినది ఈ సంగతియే.

వారు దానికి మాగ్నవాక్సు అని పేరు పెట్టిరి. లాటిను భాషలో దానికి పెద్దకంఠమని అర్థము.

మన తాతల దినములలో పద్యనాటకపు నటుడు రాగమెత్తిన, పందిరి వెలుపల చెట్టెక్కినవానికి సయితము వినబడవలెను. ఒగ్గుకథ చెప్పువాని గొంతు ఊరి కొసకు పోవలెను. పోనియెడల అతడు కథకుడే కాడు. సన్నని గొంతువాడు, రోగి, వృద్ధుడు, వారి కెంత జ్ఞానమున్నను వేలమందితో మాటలాడ వీలులేకుండెను. ఆ అడ్డును తొలగించినది 1915వ సంవత్సరము. ఆ డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, మొదట ఉద్యానవనమునందును, తరువాత 24వ తేదీ రాత్రి నగరసభా భవనము ముందునను పెద్దకంఠము పలికెను. క్రిస్మసు సంగీతము వినవచ్చిన పెక్కువేలమంది, పాడువారి దరి చేరకయే పాటను వినిరి. ఆ నెలాఖరుననే మరియొక వింత జరిగెను. రాష్ట్రపు గవర్నరు హైరాం జాన్‌సను జబ్బుతో ఇల్లు కదలలేకయున్నను, తన యింట కూర్చుండి మాటలాడగా సభామందిరమున కూడినవారు వినిరి.

1917లో మాగ్నవాక్సు కంపెనీ ఏర్పడెను. యుద్ధకాలమున విమానపు ఇంజను హోరులోను, ఓడల రొదలోను మాటను వేరుచేసి పట్టు మైకులను ఆ కంపెనీ తయారుచేసెను. ఆ పరికరము పనిచేయు విధము యుక్తితో కూడినది. ఇంజను శబ్దము మైకు రేకునకు రెండు ప్రక్కలను సమానముగ తగిలి తన్ను తానే కొట్టివేసికొనును. నోటిదగ్గరి మాట ఒక ప్రక్కనే బలముగ తగులును.

జెన్సెను జీవితములో అందరును చెప్పుకొను దినము 1919 సెప్టెంబరు 19. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సను నానాజాతి సమితిని గూర్చి ప్రజలను ఒప్పించుటకు రైలులో దేశమంతయు తిరుగుచు శాన్‌డియాగో నగరమునకు వచ్చెను. ఆరోగ్యము బాగుగ లేదు. క్రీడాస్థలమున ఏబదివేలమంది కూడియుండిరి. అంతమందికి ఒక్క గొంతు వినబడుట సులభము కాదు. అధ్యక్షుడు నిలుచు వేదికకు అద్దముల గది కట్టి, లోపల మైకు సంబంధమైన బూరలను, వెలుపల లౌడుస్పీకర్లను అమర్చిరి. ఈసారి వాల్వుల ఆంప్లిఫయరు కూడ నుండెను. ఆ గాజుగది విల్సనునకు నచ్చలేదు. ప్రజలకును తనకును నడుమ అద్దము అడ్డముగ నుండుట ఏ వక్తకు నచ్చును? అయినను ఆయన మాటలాడెను, వెనుకవరుసలవారు వినిరి. తరువాత ఆరు దినములకు ప్యూబ్లో అను ఊరిలో ప్రసంగించిన పిమ్మట ఆయన ఆరోగ్యము చెడి ప్రయాణము నిలిచిపోయెను. అక్టోబరు 2న పక్షవాతము వచ్చెను. ఆయన కోరినట్లు అమెరికా ఆ సమితిలో చేరనులేదు. స్పీకరు మాటను వినిపింపగలదు గాని, వినినవారిని ఒప్పింపజాలదు.

1925లో జెన్సెను తాను పుట్టించిన మాగ్నవాక్సును విడిచి వెళ్లెను. నలువది దాటని వయస్సు. అదే సంవత్సరమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైసు, కెల్లాగు అనువారు, బూర అవసరము లేకుండ కాగితపు కోనునే చుట్టకు తగిలించి చక్కని శబ్దము పుట్టించు రీతిని ప్రకటించిరి. తన బూర పాతబడిపోవు కాలము వచ్చెనని జెన్సెను అలిగి కూర్చుండలేదు. 1927లో తన పేరుతోనే క్రొత్త కంపెనీ పెట్టి, కొలది కాలమునకే చికాగో నగరమున స్థిరపడి, కోను స్పీకర్లను తయారుచేయ నారంభించెను. చుట్ట మాత్రము నాపాలో చుట్టిన చుట్టయే.

తొలిదినముల స్పీకర్లలో అయస్కాంతము కూడ విద్యుత్తుతోనే పనిచేయుచుండెను. పిదప అల్యూమినియము, నికెలు, కోబాల్టు కలిపిన ఆల్నికో అను లోహముతో విద్యుత్తు అక్కరలేని బలమైన అయస్కాంతములు వచ్చెను. స్పీకరు తేలికయై, పెట్టెలో పెట్టుకొని ఊరూర తిప్పుటకు వీలాయెను. గిటారువాండ్రకు కావలసినది ఇదియే. 1946 తరువాత కాలిఫోర్నియాలో లియో ఫెండరు గిటారులను ఆంప్లిఫయర్లను చేయుచు, వానిలో పెక్కింటికి జెన్సెను స్పీకర్లను అమర్చెను. 1950 తరువాతి దశాబ్దమున ఆ పెట్టెలలో వినబడిన గిటారు ధ్వనిని నేటికిని సంగీతకారులు వెదకికొనుచున్నారు. అయితే ఇందులో ఒక విచిత్రము గలదు. యుద్ధపు దినములలోనే జెన్సెను తన పేరుగల ఆ కంపెనీనుండి కూడ వైదొలగి, గ్రామఫోను సూదులు చేయు వేరొక వ్యాపారము నారంభించియుండెను. పేరు ఒకచోట, మనిషి మరియొకచోట. గిటారువాండ్రు అతని పేరును పొగడుచున్న కాలమున అతడు సూదులు చేయుచుండెను.

ఆ స్పీకర్లు కొలదిశక్తితోనే బిగ్గరగ పలుకునవి. అధికశక్తిని మాత్రము ఓర్వలేకుండెను. 1960 ప్రాంతమున డిక్ డేలు అను గిటారు విద్వాంసుడు వేలమంది యువకులు నాట్యమాడు హాలులో వినబడవలె ననుకొని, ఫెండరు ఇచ్చిన ఆంప్లిఫయర్లను స్పీకర్లను ఒకదాని తరువాత ఒకటి కాల్చివేసెను. తుదకు ఫెండరు పెద్ద ఆంప్లిఫయరును కట్టి, జె.బి.ఎల్. కంపెనీవారి 15 అంగుళముల స్పీకరును అమర్చవలసి వచ్చెను. ఆ స్పీకరు రెండు గుణములను కలిగియుండెను. ఓర్పును గలదు, పలుకును గలదు.

ఈ రెండు గుణముల భేదమునే మేము నల్లబల్లమీద పిల్లలకు వ్రాసి చూపితిమి. స్పీకరుమీద అచ్చువేసిన వాట్లు అది ఎంత శక్తిని కాలిపోక ఓర్చుకొనునో చెప్పును. ఎంత బిగ్గరగ పలుకునో చెప్పదు. దానిని చెప్పునది సెన్సిటివిటీ. ఒక వాటు శక్తి నిచ్చి, ఒక మీటరు దూరమున కొలిచిన శబ్దము ఎన్ని డెసిబెళ్లో అది. మూడు డెసిబెళ్లు పెరిగిన శక్తి రెట్టింపైనట్లు. ఆరు పెరిగిన నాలుగురెట్లు. మన పాత స్పీకరు వంటిది 93. పిల్లలు చూచి వచ్చిన 400 వాట్ల ఊఫరు 87. దాని కోను బరువు, అంచు మందపు రబ్బరు. లోతైన శబ్దమునకే చేసినది. దానిని తగిలించిన మన 30 వాట్లు పాత స్పీకరునకు ఇచ్చిన ఏడున్నర వాట్లతో సమానమగును. గిటారుకొరకే చేసిన తేలిక కోను స్పీకరు 99. దానిని తగిలించిన ఆ 30 వాట్లే 120 వాట్లవలె పనిచేయును. లెక్క పూర్తియైన తరువాత తరగతిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. చెవికి శబ్దము రెట్టింపుగ తోచుటకు పది డెసిబెళ్లు కావలె గనుక, ఆరింటితో హాలు అదరదని కూడ చెప్పితిమి. పిల్లలకు ఈ మాట అంతగ నచ్చలేదు.

తలిదండ్రులును పూర్వవిద్యార్థులును ఇచ్చిన సొమ్ముతో 12 అంగుళముల, 8 ఓముల, 60 వాట్ల గిటారు స్పీకరును కొంటిమి. జెన్సెను పేరుగలది మన సొమ్మునకు మించినది. దాని సెన్సిటివిటీ 99. మరల కాలిన వాసన చూడకుండ ఓములను రెండుసార్లు సరిచూచుకొంటిమి. పిల్లలే నాలుగు మరలు విప్పి బిగించిరి. మరియొక ఖర్చులేని పని కూడ చేసితిమి. ఇంతకాలము పెట్టె నేలమీద నుండెను. శబ్దమంతయు ముందువరుస వారి మోకాళ్లకు తగులుచుండెను. గిటారు స్పీకరు సన్నని శబ్దమును దీపపు వెలుగువలె సూటిగనే పంపును. పెట్టెను బల్లమీది కెక్కించి, ముఖమును కొంచెము పైకి వంచితిమి. దాని ముందు ఆరడుగులలోపల ఎవరును కూర్చుండరాదని సుద్దతో గీత గీచితిమి; చెవి పోయిన మరల రాదని మన యూరివారికి చెప్పనక్కరలేదు.

జెన్సెనునకు 1956లో డెన్మార్కు రాజు నైటు గౌరవమిచ్చెను. 1961 అక్టోబరులో, 75 సంవత్సరముల వయస్సున, అతడు అమెరికాలోనే మరణించెను.

జనవరి 26వ తేదీ సభకు ఆ బాలుని తండ్రి మరల వచ్చెను. ముందునకు రమ్మని పిలిచితిమి గాని రాక, ఆయన చివరి వరుసలోనే కూర్చుండెను. రెండవ పాటలో డ్రమ్ములు లేవు. గొంతులును లేవు. బాలుడు ఒక్కడే వాయించెను. ఆయన కుడిచేతి వ్రేళ్లు మోకాలిమీద తాళము వేయుచుండుట మేము వేదిక ప్రక్కనుండి చూచితిమి. తాళము పాటకు కొంచెము వెనుకబడి యుండెను.